వ్యాజ్యం ఉన్న ఇంట్లో భోజనం

మొన్న మా ఊరి శాఖా గ్రంథాలయంలో పాత తీర్పుల సంపుటాలకు పట్టిన బూజు దులుపుతుంటే, ఒక పేజీలో మా మేనమామ పేరు కనిపించింది. నేను బడిలో చదివింది తొమ్మిదో తరగతి వరకే; మిగతా చదువంతా ఈ బల్లల దగ్గరే సాగింది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ ఇంగ్లీషు తీర్పు ఆసాంతం చదివాను. ఎంత తూచి రాశాడో! అమ్మ ఉంటే, "అన్నయ్య ప్రతి మాటా కాటా మీద పెట్టాకే వదులుతాడు," అనేది.

గుంటూరులో ప్లీడరుగా మొదలుపెట్టి, జిల్లా జడ్జీ అయి, హైకోర్టుకు వెళ్ళాడు మామయ్య. ఎదుగుతున్నకొద్దీ మా ఇంటికి దూరమయ్యాడు. కారణం గర్వం కాదు, గట్టు. మా మిరప చేనికీ నాన్న దాయాదుల పత్తి చేనికీ మధ్య ఉన్న గట్టు తగాదా కోర్టుకెక్కి, చివరికి హైకోర్టుకు చేరింది. అది ఆయన ముందుకు వచ్చేది కాదు. అయినా వ్యాజ్యం నడుస్తున్న ఇంట్లో విస్తరి ముందు కూర్చోనని ఆయన నియమం. ఊరికొస్తే కారు వీధిలో ఆపి, గుమ్మంలో నిలబడ్డ అమ్మతో రోడ్డు మీద నుంచే మాట్లాడేవాడు. మంచినీళ్ళు కూడా తన మరచెంబులోవే తాగేవాడు. మిరప కోతలప్పుడైతే కల్లాల ఘాటుకు మాటకో తుమ్ము.

ఎదురింటి అరుగు మీద నుంచి దాయాది పెదనాన్న, "ఏమ్మాయ్, మీ జడ్జీగారికి ఇంట్లో కుర్చీ లేదా?" అని అరిచేవాడు.

"కుర్చీ ఉంది బావగారూ, మీరు గట్టు దిగితే వచ్చి కూర్చుంటాడు!" అనేది అమ్మ.

ఎనభైల నడుమ మామయ్యను ఢిల్లీలో, దేశపు అత్యున్నత న్యాయస్థానానికి నియమించబోతున్నారని తెలిసింది. ఊరంతా సంబరం. అమ్మకు మాత్రం దిగులు. మళ్ళీ ఎప్పుడొస్తాడో, తన చేతి అన్నం ఒక్క పూట తినకుండానే వెళ్ళిపోతాడేమోనని. నేను గ్రంథాలయ పరిజ్ఞానమంతా కూడదీసి, కేసులు తేలడానికి ఎన్నేళ్ళు పడుతుందో వివరించాను. "ధైర్యం చెప్పరా అంటే పాఠం చెబుతాడు వీడు!" అని విసుక్కుంది.

మర్నాడు నాన్నను వెంటబెట్టుకుని ప్లీడరు దగ్గరకు వెళ్ళింది. రాజీ కుదిరింది. గట్టుతో పాటు దాని పక్కన నాలుగు సాళ్ళు దాయాదులకు పోయాయి. నాన్న కొన్నాళ్ళు ఆ చేని వైపే వెళ్ళలేదు.

కోర్టు రాజీని ఒప్పుకున్నాక మామయ్య ఇంట్లోకి వచ్చాడు. గోంగూర కలిపి, మొదటి ముద్ద ఎత్తబోయి ఆగాడు.

"నియమం నాది. దాని ఖర్చు నువ్వెందుకు పెట్టుకున్నావే? నేనడిగానా?"

"నువ్వడిగేదాకా కూర్చుంటే నాకు తెల్లారినట్టే. తిను, చల్లారిపోతోంది."

అప్పటిదాకా వరండాలో ఉన్న నాన్న వచ్చి బావమరిది పక్కనే పీట వాల్చుకున్నాడు. "నాకూ నెయ్యి వెయ్యి. నాలుగు సాళ్ళ భోజనం ఇది," అన్నాడు. మామయ్య నవ్వబోయి కళ్ళు తుడుచుకుని, నింద మిరపకాయ మీద వేశాడు.

ఆ ముగ్గురూ ఇప్పుడు లేరు. ఆ చేలు రెండూ చేతులు మారి ఒకటే చెక్కగా కలిసిపోయాయి. అంత పోరాడిన గట్టు ఎక్కడుండేదో చూపించమంటే, ఇప్పుడు నేనూ సరిగా చూపించలేను.