ఎర్రగుడ్డ కట్టిన కంప్యూటర్

మా తాత పాండురంగన్ రాజపాళయంలో ఒక నూలుమిల్లులో ఫిట్టరుగా పని చేసి చేసి తల పండించుకున్నాడు. మిల్లు విడిచినాక ఇంటి ముందుగదిలో కంప్యూటర్ పెట్టి, తళవాయిపురంలో కుట్టే నైటీలకు ఎంబ్రాయిడరీ పూలు గీసి ఇస్తున్నాడు. పూలు గీసే చేతులు కావు అవి, బోల్టులు తిప్పిన చేతులు. అయినా ఆయన గీసిన మల్లెపూవు కుడితే దారం తెగదని అక్కడివాళ్ళ నమ్మకం.

ఆ కంప్యూటర్‌ను నడిపేది లినక్స్, ఎవరైనా లోపల తెరిచి చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్. అందరూ వాడేది నీకెందుకు పనికిరాదని అడిగితే, "మూత తెరవనియ్యని మిషన్ నాకొద్దు" అంటాడు. తెరిచి ఏం చేస్తాడని అడగకూడదు. దాని ముందు కూర్చొని తిడతాడు. సగం రిపేరు అదే.

పోయిన నెల పాత వీడియో కార్డు కాలిపోయింది. తాత కొడుకు, మా మామ నందకుమార్ మదురై నుండి కొత్తది తెచ్చినాడు, ఈ ఏడే వచ్చిన రకం. తాత పొద్దున్నే దాన్ని బిగించి స్విచ్ వేసినాడు. తెర వచ్చింది కానీ అక్షరం ఒక్కొక్కటి ఇడ్లీ అంత ఉంది. మౌస్ లాగితే బాణం ఆలోచించి ఆలోచించి కదులుతోంది. పువ్వు తెరిస్తే రెండు రెక్కలే కనబడినాయి.

"కార్డు మంచిదే నైనా," అన్నాడు మామ. "దాన్ని నడిపే డ్రైవర్ నీ లినక్స్‌లో లేదు."

"ఉంది. ఎవరైనా తెరిచి చూసుకునేట్టు రాసిన డ్రైవరే ఉంది."

"ఉంటే ఎందుకు రాలేదు?"

తాత స్క్రూడ్రైవర్ తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం బస్సుకు తళవాయిపురంలో నైటీలు కుట్టించే మూక్కన్ వస్తానన్నాడు. దీపావళి నైటీలకు మెడ డిజైన్, అంచు డిజైన్ చూసి నచ్చితే ఈ సీజన్ పనంతా తాతకే. చూపించలేకపోతే పక్కవీధిలో ఇదే పని చేసే కళైసెల్వికి. ఆమె గదికి ఏసీ కూడా ఉంది. ఆ పేరు మా ఇంట్లో తాత ముందర ఎత్తము.

నేను ఫోన్లో వెదికి చదివినాను. ఆ డ్రైవర్ లినక్స్‌కు గుండెకాయ లాంటి కర్నెల్‌లోనే ఉంటుందంట, కాని కర్నెల్ కొత్తదై ఉండాలంట.

"మనది ఎప్పటిది తాతా?"

"మంచిది."

"ఎప్పటిదని అడిగినాను."

"నాలుగేళ్ళుగా ఒక్క తప్పు చేయలేదు," అని ఫ్యాను వంక చూసినాడు.

అప్పుడు తెలిసింది. మిల్లులో ఒక మిషన్ దారం తెగకుండా చక్కగా నడిస్తే, ఫిట్టర్ దాని పిడికి ఎర్రగుడ్డ కట్టేస్తాడు. ఇంక దాన్ని ఎవడూ తిప్పకూడదు, మేనేజర్ వచ్చినా సరే. తాత కంప్యూటర్‌కూ అదే మర్యాద చేసి, అప్‌డేట్లన్నింటికీ తాళం వేసినాడు. నాలుగేళ్ళ కిందటి కర్నెల్, ఈ ఏడు పుట్టిన కార్డు. పుట్టని బిడ్డ పేరు పాత రేషన్ కార్డులో ఎట్లా ఉంటుంది?

"తాళాలన్నీ తీసెయ్ తాతా."

"ఒక్కటే తీస్తాను. అన్నీ తీస్తే ఏది చెడిందో తెలియదు."

కర్నెల్ ఒక్కదాని తాళం తీసి కొత్తది నెట్ నుండి దించినాడు. మళ్ళీ స్విచ్ వేస్తే ఇడ్లీలు కూడా పోయినాయి. తెరంతా నలుపు.

అవ్వ కాఫీ తెచ్చి చూసింది. "ఇంతకుముందే మేలుగా ఉండింది."

"నువ్వు పో జక్కమ్మా."

"పోతాను. కళైసెల్వి ఇంట్లో తెర వెలుగుతోందా అని చూసొస్తాను."

"నైనా, దీన్ని తీసేసి అందరూ వాడేది వేద్దాం," అన్నాడు మామ. "అర్ధగంట పని."

"నీకు పుట్టినప్పటి నుండి అన్నీ అర్ధగంట పనులే," అన్నాడు తాత.

నేను మళ్ళీ వెదికినాను. కొత్త కర్నెల్ కార్డును గుర్తుపట్టింది, సరే. కార్డు మేలుకోవాలంటే దాని ఫర్మ్‌వేర్ ఫైళ్ళు కావాలి. బొమ్మలు చురుగ్గా గీయడానికి మీసా అనే ఇంకో భాగం కావాలి. రెండూ తాళంలోనే ఉన్నాయి.

"మూడూ కలిసే మారాలంట తాతా."

"ముందే చెప్పకూడదా?"

"చెప్పినాను కదా, అన్నీ తీసెయ్ అని."

"గట్టిగా చెప్పలేదు."

కంప్యూటర్ లేచేటప్పుడు పాత కర్నెల్‌ను ఎంచి, ఇడ్లీ తెరను మళ్ళీ రప్పించుకున్నాడు. పళ్ళు పీకించుకునేవాడి ముఖంతో మిగతా తాళాలు తీసినాడు. దించడం మొదలైంది. మా వీధి నెట్ సంగతి తెలిసిందే. ఎంత దిగిందో చూపే గీత కదిలింది, నిలిచింది, కొంచెం కదిలింది. గీత నిండకముందే బస్సు వచ్చేసింది.

మూక్కన్ వచ్చి కూర్చున్నాడు. "చూపించు అన్నాచ్చి."

"కాఫీ తాగు."

"తాగినాను. ఇది రెండోది."

ఆ గ్లాసు కూడా ఖాళీ అయినాక గీత నిండింది, తాత మళ్ళీ స్విచ్ వేస్తే తెర వెలిగింది. తెర నిండా మల్లెపూవు, రెక్కలన్నీ, కుట్టు కుట్టూ లెక్కపెట్టేంత తేటగా. మూక్కన్ వంగి అంచు డిజైన్ చూసి తల ఊపినాడు. తాత మెడ డిజైన్ తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టినాడు.

"మధ్యాహ్నం ఫోన్ చేసినాను అన్నాచ్చి. ఎత్తినది నందకుమార్. తెర నల్లగా ఉంది, ఈ రోజుకు కష్టమే అన్నాడు. మెడ పని కళైసెల్వికి ఇచ్చేసినాను. అంచు పని నీదే. అన్ని సైజులకూ గీసి రేపు పొద్దున కావాల."

తాత మామను వెదికినాడు. మామ అప్పటికే వీధి దాటినాడు.

మూక్కన్ పోయినాక తాత మెడ డిజైన్ తెరిచి తానే చూసుకున్నాడు. ఇంత పాటు పడి దక్కింది సగం పని.

"ఆ పిల్లకు మెడ వంపు గీయను రాదు," అన్నాడు చివరికి. "దారం గుంజుతుంది."

"ఆ మాట మూక్కన్‌కు చెప్పాల్సింది."

"కుట్టినాక వాడికే తెలుస్తుంది. కుర్చీ జరుపు, అంచు మొదలుపెడదాం."