మూతకు పూసిన గంధం

ఆ రోజుల్లో మా ఇళ్లలో యంత్రానికి జబ్బు చేస్తే ముందు దిష్టి తీసేవాళ్లు, ఆ తర్వాతే మెకానిక్కును పిలిచేవాళ్లు. తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ నవ్వు నాకు కొంచెం చేదుగానే ఉంటుంది. ఐటీఐ ముగించి చిత్తూరులో ఒక మోటారు షెడ్డులో పని నేర్చుకుంటున్న నేను మామిడి కోతలకని ఊరికి వచ్చాను. ముందురోజు కోసిన బెంగుళూరా కాయలు ట్రాక్టరుకెత్తి, మెత్తబడకముందే గుజ్జు ఫ్యాక్టరీకి చేర్చాలని నాయన తెల్లారే బయల్దేరదీశాడు. ఆ ఏడాది తోటలో నిలిచిన పంటంతా ఆ ఒక్క ట్రాక్టరులోనే ఉంది. తీరా చూస్తే, రాత్రి కొట్టిన గాలివానకు పెద్ద చింతచెట్టు తోటదారికి అడ్డంగా పడి ఉంది.

గొడ్డళ్లతో అందరం పడితే మధ్యాహ్నంలోపు దారి అవుతుందని నాయన అన్నాడు. మిషను ఉండగా గొడ్డలెందుకని మా మామ (అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, మా ఇంట్లో ఆయన మాటకు ఎదురులేదు) తన పాత రంపం మిషను తెచ్చాడు. దసరాకు ఆయుధపూజలో కూర్చోబెట్టాక దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు. మా అత్త భక్తికొద్దీ హ్యాండిలుకు, బ్లేడుకు, పెట్రోలు మూతకు గంధం మందంగా పూసి కుంకుమ అద్దింది. అదంతా ఎండి గట్టిపడి, మిషను పెళ్లికొడుకులా ఉంది.

కొత్త పెట్రోలులో ఆయిలు కలిపి పోసి తాడు లాగాం. పలకలేదు. ప్లగ్గు ఊడదీసి మసి గీకాను. నిప్పురవ్వ వస్తోందో లేదో చూద్దామని ప్లగ్గును ఇంజను ఇనుముకు ఆనించి పట్టుకుని మామను తాడు లాగమన్నాను. రవ్వ బాగానే వచ్చింది (నా మోచేతి దాకా వచ్చింది). ప్లగ్గు బిగించి లాగితే ఈసారి గుర్రుమంది. మామ మీసం దువ్వాడు. చెట్టులోకి జానెడు దిగి ఆగిపోయింది. మళ్లీ ప్లగ్గు, మళ్లీ ఫిల్టరు, మళ్లీ మూత తీసి పెట్రోలు చూడటం, మళ్లీ కాసేపు నడిచి చావడం. చివరికి, మూత తిప్పినప్పుడల్లా ట్యాంకు ఉస్సుమని గాలి పీల్చుకోవడం నా చెవిన పడింది. మూతకు గాలి లోపలికి పోయే సన్న బెజ్జం ఉంటుంది. గంధంతో అది పూడిపోయింది. గాలి పోకపోతే ఇంజనుకు పెట్రోలు దిగదు. మూత తీసి మేమే వైద్యం చేస్తున్నాం, మూత పెట్టి మేమే జబ్బు తెప్పిస్తున్నాం. గంధం గీకేద్దామని పిన్నీసు తీస్తే మామ చెయ్యి పట్టుకున్నాడు.

"పూజలో పెట్టిన బొట్టు అల్లుడా. తుడిస్తే మిషను ఎవురినో ఒకర్ని కోస్తాది. ఇంకోతూరి ప్లగ్గు సూడు."

నేను నాయన వైపు చూశాను. బావమరిదిని నొప్పించడం ఇష్టంలేక ఆయన ట్రాక్టరు వైపు చూశాడు. చేసేదిలేక ప్లగ్గే చూశాను. పొద్దు నడినెత్తి దాటి, మామ అన్నానికి పోయినప్పుడు, బెజ్జంలో పిన్నీసు గుచ్చాను. ఒక్క లాగుకు అందుకున్న ఇంజను చెట్టు తునకలయ్యేదాకా ఆగలేదు.

ఆలస్యంగా చేరడంతో ఫ్యాక్టరీ గేటు దగ్గర బండ్ల బారులో చివరన పడ్డాం. మా వంతు వచ్చేసరికి కాయలు మెత్తబడి రసం కారుతున్నాయి. మాకొద్దన్నారు. నాయన బతిమాలాడు. ఆయన ఒకరిని బతిమాలడం నేను చూడటం అదే మొదటిసారి. తిరిగి వస్తూ రోడ్డు పక్కన అంతా పారబోశాం. మామను ఏమేమి అనాలో నేను దారంతా మాటలు పోగుచేసుకుంటున్నాను. నాయన పసిగట్టినట్టున్నాడు.

"కాయలు పొయ్యేవి పొయినాయి. ఇంటికి పోయి మీ మామను ఒక్క మాట గూడా అనొద్దురా. మీయమ్మ తట్టుకోలేదు."

అనలేదు. మామ మాత్రం, తను అన్నం తినొచ్చేలోపు దేవుడే మిషను నడిపించినాడని, బొట్టు తుడవనీకపోవడం వల్లే అదంతా జరిగిందని ఇప్పటికీ ప్రతి పెళ్లిలోనూ చెబుతుంటాడు. మా అల్లుడు ఆడ్నే ఉండాడు, అడగండి అని నన్ను సాక్ష్యానికి పిలుస్తాడు. అనొద్దన్న నాయన పోయాడు. ఇక నన్ను ఆ మాటలోంచి విడిపించేవాళ్లు లేరు. అందుకే నెరిసిన తల ఊపి, అవును మామా అంటాను. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. లోపల మాత్రం, పాపం, పిన్నీసు పట్టుకున్న ఆ కుర్రాడు ఇంకా పళ్లు కొరుకుతూనే ఉంటాడు.