మా అత్త తాగిన గ్లాసుడు నీళ్ళు

మా అత్త పోయిందని ఫోను వచ్చేసరికి నేను టెక్కలిలో బడికి బయల్దేరుతున్నాను. సెలవు అడగడానికి వెళితే హెడ్మాస్టరు గారి నోట వచ్చిన మొదటి మాట, "కిడ్నీయేనా అమ్మా?" బస్సులో నా పక్కన కూర్చున్నావిడా అదే అడిగింది. పలాసలో దిగి ఆటో ఎక్కి ఊరి పేరు చెప్పగానే ఆటో అతనూ అదే. ముగ్గురికీ తల ఊపాను గానీ నాలుగో మనిషి అడిగి ఉంటే ఏమనేదాన్నో నాకే తెలీదు. మనిషి ఎలా బతికిందని ఒక్కరూ అడగలేదు. మా ఉద్దానం పల్లెల్లో చచ్చిపోతే అంతే, మనిషి పోయి జబ్బు పేరు మిగులుతుంది. నేను దీనికి ఒప్పుకోను. ఒప్పుకోలేకే ఇది రాస్తున్నాను.

ఆవిడ మా నాన్నకి అక్క. వజ్రపుకొత్తూరు వైపు ఒక పల్లెలో ఇల్లు, ఇంటి వెనక బావి, బావి దాటితే కొబ్బరితోట, ఆ పైన కాస్త జీడితోట. మావయ్య ముందే పోయాడు. కొడుకూ కోడలూ ఆవిడతోనే ఉండేవారు. నా చిన్నప్పటి సెలవులన్నీ అక్కడే గడిచాయి. పెట్ట గుడ్డు పెట్టి ఊరంతా వినబడేలా అరుస్తుంటే అత్త నడుం మీద చెయ్యేసుకుని, "ఓలమ్మ, నాను నలుగురిని కన్నాను, ఇంత గోల సెయ్యనేదే!" అనేది. మేము పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేవాళ్ళం. ఆవిడ మాత్రం ఏమీ ఎరగనట్టు ఆ గుడ్డు తీసుకుని లోపలికి పోయేది.

జబ్బు బయటపడ్డాక డాక్టరు ఉప్పు మానమన్నాడు, కొబ్బరినీళ్ళు వద్దన్నాడు, మంచినీళ్ళకి కూడా కొలత పెట్టాడు. ఆసుపత్రి నుంచి వస్తూనే అరుగు మీద కూలబడి, కళ్ళు తుడుచుకుంటున్న కోడలిని దగ్గరికి పిలిచి అంది: "సముద్రం పక్కనే ఉండి ఉప్పు తినకూడదంట. కొబ్బరిసెట్టు కిందుండి బొండం తాగకూడదంట. బావి గట్టు మీద కూసోని దాహమనకూడదంట. ఇంక గాలొకటి ఉన్నాది, డాక్టరు బాబు మరిసిపోనాడు. ఎవులూ గుర్తు సెయ్యకండి."

అప్పటి నుంచి పొద్దున్నే ఒక పెద్ద ఇత్తడి గ్లాసు నింపి గూట్లో పెట్టుకునేది. మర్నాడు తెల్లారేదాకా అవే నీళ్ళు. అందులోంచి టీ గ్లాసులోకి రెండు గుక్కలు వంపుకుని నోట్లో పోసుకునేది. వెంటనే మింగేది కాదు. కళ్ళు మూసుకుని అలాగే కాసేపు ఉండి, తీరిగ్గా మింగేది. ఒకసారి నేను అలా చూస్తూ ఉండిపోతే, "ఏటే కోడల, అలగ సూత్తావు? అరవయ్యేళ్ళు గటగటా తాగీసినాను. నీళ్ళకి రుసుంటదని ఇప్పుడు తెలిసినాది," అంది. జాలి పడదామని వెళ్ళినవాళ్ళకి ఆవిడ దగ్గర ఎప్పుడూ చోటు దొరికేది కాదు.

పరామర్శకి వచ్చేవాళ్ళు రొట్టె పొట్లం పట్టుకుని, మొహాలు వేలాడేసుకుని వచ్చేవారు. అత్త వాళ్ళని కూర్చోబెట్టి, ముందర కాల్చిన జీడిపిక్కలు ఓ చేటెడు పోసి, చేతికో రాయి ఇచ్చేది. "ఉత్తినే కూసుంటే ఏడుపొత్తది. ఇయి కొట్టు. గుండు వొత్తే నీది, బద్దయితే నాది." పప్పు చిట్లకుండా పూర్తిగా వస్తే గుండు, రెండుగా విడిపోతే బద్ద. గుండు తియ్యాలన్న పంతంలో పడి వచ్చినవాళ్ళు ఏడుపు సంగతే మర్చిపోయేవారు. ఇంకా ముక్కు చీదేవాళ్ళుంటే, "ఏడుత్తా కొడితే ఏలు సితుకుద్ది, ఆ తరవాత నిన్ను సూడ్డానికి నాను రావాల," అనేది. వాళ్ళు వెళ్ళేటప్పుడు చేతులు నల్లగా, మొహాలు తేటగా ఉండేవి.

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఇంతమందికి కిడ్నీ జబ్బు రావడానికి నీళ్ళే కారణమేమో పరీక్ష చేస్తామని ఎవరో ఒకరు వస్తూనే ఉండేవారు. సీసాల్లో బావి నీళ్ళు పట్టుకునేవారు, ఏం తింటారు, ఏం తాగుతారు అని కాగితం చూసి అడిగేవారు, జీపెక్కి వెళ్ళిపోయేవారు. ఏ కబురూ వచ్చేది కాదు. కొన్నాళ్ళకి ఇంకెవరో మళ్ళీ సీసాలతో దిగేవారు. అత్త వాళ్ళు అడగకముందే జవాబులన్నీ వరసగా అప్పజెప్పేసి, ఆఖర్న తను అడిగేది: "మరి మా నీళ్ళెలాగున్నాయి బాబూ? కులాసాయేనా? నాను పలాస దాటి నాలుగూళ్ళు సూడనేదు. మా నీళ్ళు దేశాలు తిరుగుతన్నాయి. ఎల్లినకాడి నుంచి ఉత్తరం ముక్కయినా నేదు." ఒక కుర్ర డాక్టరు నవ్వబోయి, నవ్వలేక, తల దించుకుని కాగితం మీద ఏదో రాసుకోవడం నేను చూశాను. ఆవిడకి కావలసిందీ అదేననుకుంటాను.

ఇప్పుడు నా తప్పు సంగతి చెప్పాలి. ఇది చెప్పకుండా ఆవిడని పొగిడితే ఆవిడే ఊరుకోదు.

ఒక వేసవిలో మా బడి టీచర్లం నలుగురం బారువ సముద్రానికని బయల్దేరాం. కాస్త చుట్టుదారైనా మా అత్తని చూపిస్తానని నేనే వాళ్ళని ఆ పల్లెకి తీసుకెళ్ళాను. వెళ్ళేముందు పలాసలో ఆగి, వాళ్ళు టీ తాగుతుంటే, నీళ్ళ సీసాలు కొని సంచి అడుగున తువ్వాలు చుట్టి పెట్టాను. మా ఊరి నీళ్ళంటే బయటివాళ్ళకి ఎంత భయమో నాకు తెలుసు. వాళ్ళ ముందు చిన్నబోతానని నా భయం నాది.

మిట్టమధ్యాహ్నం. అత్త చింతపండుతో తోమిన గ్లాసుల్లో నీళ్ళు తెచ్చింది. మా వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "దాహంగా లేదండీ," అంది ఒకావిడ, చెమట తుడుచుకుంటూ. నేను గబగబా సంచిలోంచి సీసాలు తీసి అందరికీ ఇచ్చాను.

అత్త చూసింది. చేతిలోని పళ్ళెం కింద పెట్టింది. గూట్లోంచి తన ఇత్తడి గ్లాసు తీసుకుంది. పొద్దుటి నుంచి ముట్టలేదేమో, అది ఇంకా నిండుగానే ఉంది. మా అందరి ఎదుటా నిలబడి చివరి చుక్కదాకా ఆగకుండా తాగేసింది. మూతి తుడుచుకుని, "నా వొంతు అయిపోనాది. ఇంక మీ వొంతు," అని కత్తి పట్టుకుని పెరట్లోకి నడిచింది. తను తాగకూడని బొండాలు తనే చెక్కి ఒక్కొక్కరి చేతిలో పెట్టింది. దాహం లేదన్నావిడకి ఇస్తూ, "బయమైతే బయమని సెప్పాల తల్లీ. ఈ ఎండలో దాహం నేదంటే ఎండ నవ్వుద్ది," అంది. అందరూ నవ్వారు, ఆ టీచరుతో సహా. నేను నవ్వలేకపోయాను.

వాళ్ళు బారువ వెళ్ళిపోయారు. నేను తలనొప్పని చెప్పి ఉండిపోయాను. సాయంత్రం గ్లాసులు కడుగుతుంటే అత్త వచ్చి పక్కన కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది.

"వాళ్ళు భయపడతారని తెచ్చానత్తా."

"తెత్తే తెచ్చినావు, తప్పు నేదు. నాకు సెప్పి తేవాల. గుడ్డలో సుట్టి దాసినావు సూడు, అదీ తప్పు. మనం దొంగతనం సేసినామేటి? ఈ నీళ్ళు మంచియో సెడ్డియో తేల్చాల్సినోళ్ళు తేల్చనీ. మనం సిగ్గుపడిపోతే తేలిపోద్దేటి?"

తలెత్తి చూశాను. ఆవిడ పెదాలు అప్పటికే ఎండిపోయి ఉన్నాయి. రేపు పొద్దుటిదాకా ఇంక చుక్క తాగడానికి లేదు. "దాహం వెయ్యడం లేదా అత్తా?" అన్నాను.

"ఎయ్యదేటి? ఏత్తది. అదీ మనింటికొచ్చిన సుట్టమే. కూసోనీ."

మర్నాడు తెల్లారేదాకా ఆవిడ ఆ మాట మీదే ఉంది. నేనూ ఆ ఇంట్లో ఉన్నంతసేపూ గుక్క నీళ్ళు మింగలేకపోయాను. పరువు అనే మాట పుస్తకాల్లో చాలాసార్లు చదివాను, పిల్లలకి అర్థం కూడా చెప్పాను. అది ఎంత దాహంగా ఉంటుందో ఆ రోజే తెలిసింది. అప్పటి నుంచి మా బడిలో ఎవరైనా ఉద్దానం అనగానే "అయ్యో పాపం" అంటే, పాపం మీది అంటాను. నన్ను పొగరుబోతు అనుకుంటున్నారట. అనుకోనివ్వండి.

ఇంక ఇంటికి తీసుకుపొమ్మని ఆసుపత్రిలో చెప్పేశారని తెలిసి, మొన్న ఆదివారం వెళ్ళాను. అత్తని వసారాలో మంచం మీద పడుకోబెట్టారు. మా వైపు అలవాటు ప్రకారం ఇరుగుపొరుగువాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తులసాకు వేసిన నీళ్ళు చెంచాతో నోట్లో పోస్తున్నారు. ఏడుగురో ఎనమండుగురో పోశాక అత్త కళ్ళు తెరిచి, గాలి లాంటి గొంతుతో, "ఇయ్యాల లెక్క ఎవులు సూత్తన్నారే?" అంది. కోడలు ఏడుస్తూ ఏడుస్తూనే ఫక్కున నవ్వేసింది. దాంతో వసారా అంతా నవ్వులు. అవతల వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు, చావుమంచం దగ్గర ఇదేం నవ్వని.

నా వంతు వచ్చేసరికి చెంబు ఖాళీ అయింది. నేను పెరట్లోకి వెళ్ళి బావిలో చేద వేశాను. చెంబు నింపుకుని అందరి మధ్య నుంచీ నడిచి వచ్చి ఆవిడ తల దగ్గర కూర్చున్నాను. సగం చెంచా గడ్డం మీదకి పోయింది. మిగతా సగం ఆవిడ వెంటనే మింగలేదు. కళ్ళు మూసుకుని, నోట్లోనే కాసేపు ఉంచుకుని, మెల్లగా మింగింది.

"లెక్క దాటిపోతోందత్తా," అన్నాను.

ఆవిడ కళ్ళు మూసుకునే, ఇంకా పొయ్యమని నోరు తెరిచింది.