మామ అంటే అమ్మ

నాకు చైనా భాష పంటినొప్పి వల్ల వచ్చింది. ఎవరికి చెప్పినా ముందు నవ్వి, తర్వాత నిజం చెప్పమంటారు. నిజమే ఇది.

కాలేజీలో ఉండగా కింది దవడ పన్ను ఒకటి పుచ్చిపోయి నా చెంప పూరీలా పొంగింది. మా మేనత్త నన్ను రిక్షా ఎక్కించి చూలై పేట అవతల ఒక చైనా పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన మద్రాసులోనే పుట్టి పెరిగినవాడు, తమిళం మాకంటే ధాటిగా మాట్లాడేవాడు. ఆయన తల్లి మాత్రం కొత్త పెళ్ళికూతురిగా చైనా నుంచి ఓడలో వచ్చిన మనిషి. గది మూల పేము కుర్చీలో కూచుని, నోరు తెరవడానికి భయపడే ప్రతి మనిషికీ తన భాషలో ధైర్యం చెప్పేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా జనానికి నిజంగానే ధైర్యం వచ్చేది.

మొదటిరోజు వెళ్ళొస్తానని చెప్పబోతే ఆమె నవ్వుతూ తన గుండె మీద వేలు పెట్టుకుని "పోపో, పోపో" అంది. పొమ్మంటోందేమో అనుకుని గబగబా చెప్పులేసుకున్నాను. డాక్టరు నవ్వి, పోపో అంటే అవ్వ అనీ, తనని అలా పిలవమంటోందనీ చెప్పాడు.

నా పన్ను తొందరగా బాగుపడే రకం కాదు. వెళ్ళిన ప్రతిసారీ పోపో పక్కన నిలబడి "జాంగ్ జుయ్" అనేది. నోరు తెరువు. "తెంగ్ పు తెంగ్?" నొప్పిగా ఉందా? "తూ." ఉమ్మెయ్. నోట్లో దూది ఉండగానే నేనూ ఆ మాటలు తిప్పి అనేదాన్ని. ఆమె ముఖం వెలిగిపోయేది. కొడుక్కి తీరిక లేదు, మనవలకి ఆ భాష మీద ఇష్టం లేదు. పన్ను బాగయ్యాక కూడా మధ్యాహ్నాలు ఆమె దగ్గరికి వెళ్తూనే ఉన్నాను. కూరగాయలు తరుగుతూ, టీ తాగుతూ, పక్కింటి వాళ్ళని ఆడిపోసుకుంటూ ఏళ్ళ తరబడి నేర్చుకున్నాను. అక్షరాలు కూడా ఆమే దిద్దించింది, పలక మీద, సుద్దముక్కతో.

మాది వాషర్‌మెన్‌పేట్‌లో పాతకాలపు తెలుగు వ్యాపారస్తుల కుటుంబం. గుండీలు, జిప్పులు, హుక్కులు హోల్‌సేల్‌గా అమ్మేవాళ్ళం. కొన్నేళ్ళకి చైనా సరుకు అట్టపెట్టెల్లో రావడం మొదలైంది. పెట్టె మీద ఏం రాసి ఉందో బజారులో ఎవరికీ తెలియదు, నాకు తెలుసు. "ఇది నల్ల గుండీ, ఇది తెల్లది" అని విప్పకుండానే చెప్పేసరికి మా నాన్నకి మొదటిసారి నా పంటినొప్పి మీద గౌరవం కలిగింది. ఒకరోజు సరదాగా అంకెలు నేర్పబోయాను. పోపో పలుకుబడిలో నాలుగూ పదీ ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి, స్వరంలోనే తేడా. ఆయన రెండుసార్లు విని లేచి నిలబడ్డాడు.

"నాలుక్కీ పదికీ తేడా లేదా? ఈళ్ళు యాపారం ఎట్టా చేస్తా ఉండారే?"

ఆయన నేర్చుకోలేదు గానీ పక్క కొట్ల వాళ్ళ పిల్లలు నేర్చుకుంటామని వచ్చారు. మా మిద్దె మీద సాయంత్రాలు చిన్న క్లాసు మొదలైంది. అలా ఉండగా పేపర్లో ఒక ప్రకటన కనబడింది. చైనా భాష నేర్పేవాళ్ళకి పోటీ అట, నేర్పే పద్ధతికీ ఉచ్చారణకీ కలిపి బహుమతి అట, ఎవరైనా పాల్గొనవచ్చునట. అప్పటికి మద్రాసు చెన్నైగా మారి ఎంతోకాలం కాలేదు. పేరు మార్చుకున్న ఊళ్ళో నేను టీచర్‌గా మారితే తప్పేంటి అనిపించింది.

నాకు తోడుగా మా అత్త బయల్దేరింది. నాన్నకి అక్క, మా ఇంటి పెత్తనమంతా ఆమెదే. పోటీ అంటే నగల పోటీయో చీరల పోటీయో అన్నట్టు నాకు కంచిపట్టు చీర కట్టించి, తలనిండా మల్లెపూలు పెట్టింది. ఎగ్మోరు దగ్గర ఒక హోటల్లో మీటింగ్ హాలు. తలుపు దగ్గర నిలబడిన ఆయన మా ఇద్దర్నీ చూసి, విద్యార్థులు అటు కూచోవాలని కుర్చీలు చూపించాడు. పాఠాలు చెప్పించుకోవడానికి భాష బొత్తిగా రాని జనాన్ని పిలిచారట, మేమూ ఆ బాపతేనని ఆయన లెక్క.

"నేను నేర్పడానికి వచ్చాను" అన్నాను చైనా భాషలో.

ఆయన నా భుజం మీదుగా వెనక్కి చూశాడు, ఈ మాట ఎవరన్నారా అని. వెనక మా అత్త ఉంది. ఆమె ఆయనకి నమస్కారం పెట్టింది.

పోటీదారుల వరసలో నేను కాక ముగ్గురు. కలకత్తా నుంచి వచ్చి ఇక్కడ రెస్టారెంటు చూసుకునే ఒకాయన, రంగూన్‌లో బడిపంతులుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన, బీజింగ్ వైపు నుంచి వచ్చిన ఒక ఓడ ఆఫీసరు భార్య. ముగ్గురూ ఆ భాషలోనే కళ్ళు తెరిచినవాళ్ళు. మా అత్త నా చెవిలో గొణిగింది.

"ఏమే, ఆడ అందురూ చైనావోళ్ళే ఉండారు. మనం ఈడికి ఎందుకొచ్చినామే?"

"ఊరుకో అత్తా."

"సెరి సెరి. ఓడిపోతే మాత్రం ఏడవద్దు, కాటిక కారిపోతుంది."

ఆమెని విద్యార్థుల్లో కూచోబెట్టారు. ముందువరసలోనే కూచుంది.

జడ్జీలు కూడా ముగ్గురు. చైనా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, ప్రొఫెసరు, మధ్యలో కూచుంది. ఆమెకి ఒక పక్క ఉత్తరాదిలో ఆ భాష నేర్పే మన దేశస్థుడొకాయన, ఇంకో పక్క హాలు ఖర్చు పెట్టుకున్న వ్యాపారి. ఈయనకి భాష రాదు గానీ అందరికంటే ఎక్కువ తలాడించేవాడు.

ఓడ ఆఫీసరు భార్య మొదట చెప్పింది. గాజు గ్లాసు మీద చెంచాతో కొట్టినట్టుంది ఆమె ఉచ్చారణ. విద్యార్థులు మైమరచి విన్నారు గానీ ఒక్కరూ నోరు విప్పలేదు, అంత చక్కటి శబ్దాన్ని పాడుచేయడం ఎందుకని కాబోలు. రెస్టారెంటాయన వంటకాల పేర్లు చెప్పాడు, అందరికీ ఆకలేసింది. పెద్దాయన బోర్డు మీద ఎంతో అందంగా అక్షరాలు రాశాడు, కానీ జనానికి వీపు తప్ప ముఖం చూపించలేదు.

నా పేరు పిలిచారు. "నేను చెప్పినట్టు చెప్పండి" అనాలి. ఆ వాక్యం తెల్లారుజాము నుంచీ వల్లె వేశాను. తీరా బోర్డు ముందు నిలబడి జనాన్ని చూసేసరికి నోట్లోంచి ఏళ్ళనాటి అలవాటు బయటికొచ్చింది.

"జాంగ్ జుయ్!" అన్నాను గట్టిగా, నోరు తెరిచి చూపిస్తూ.

విద్యార్థులందరూ బుద్ధిగా నోళ్ళు తెరిచారు. హాలు ఖర్చు పెట్టుకున్నాయన కూడా తెరిచాడు. ప్రొఫెసరు పెన్ను కింద పెట్టేసింది.

ఇక వెనక్కి పోయే దారి లేదు. ఇంట్లోవాళ్ళని పిలిచే వరసల పాఠం తయారుచేసుకుని, అట్టముక్కల మీద బొమ్మలు వేసి తెచ్చాను. మొదట అమ్మ బొమ్మ ఎత్తాను.

"మామ. మామ అంటే అమ్మ."

అందరూ అన్నారు, ఒక్కరు తప్ప.

"మామ అంటే అమ్మా?" అంది మా అత్త. "మామ అంటే మామే కదే?"

"వాళ్ళ భాషలో అమ్మ, అత్తా." పాఠంలో అత్తా అని పిలవకూడదని అప్పుడు గుర్తురాలేదు. నాన్న బొమ్మ ఎత్తాను. "పాపా."

"నాయన పాపా? ఇంతంత మీసాలు పెట్టుకోనుంటే పాప ఎట్టా అయితాడే?"

హాల్లో తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారని అప్పుడు తెలిసింది, నవ్వు అంతటి నుంచీ వచ్చింది. నాన్నకి అమ్మ, అంటే అవ్వ బొమ్మ చూపించి "నైనై" అన్నాను. మా ఇళ్ళల్లో నైనా అంటే నాన్న. అత్త పక్కామె వైపు తిరిగి, నాయన పాపైతే అవ్వ నైనా అయిందని వివరించింది. ఆ పక్కామె తమిళామె. అయినా ఆమెకి అర్థమైంది, తన పక్కవాళ్ళకి తమిళంలో చెప్పింది.

"మరి మేనమామని ఏమంటారు?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"జ్యోజ్యో."

"ఊయల్లో వేసి ఊపతారా?" అంది అత్త.

నాకు చెమటలు పట్టాయి. మల్లెపూలు జారిపోతున్నాయి. కానీ ఒక సంగతి గమనించాను. అందరూ నోళ్ళు తెరిచి పలుకుతున్నారు. ఒకరిని చూసి ఒకరు నవ్వుతూ, ఒకరినొకరు సరిదిద్దుకుంటూ. సరే, అడిగేదేదో నేనే అడిగేద్దామని అత్త వైపు చెయ్యి చూపించాను.

"ఈమె మా నాన్నకి అక్క. ఇంగ్లీషులో ఏమంటారు?"

"ఆంటీ" అన్నారందరూ.

"పక్కింటామెని?"

"ఆంటీ."

"బస్సులో కాలు తొక్కినామెని?"

"ఆంటీ!"

"చైనావాళ్ళు అలా అందర్నీ ఒక్క గాట కట్టరు. మనకిలాగే వాళ్ళకీ మేనత్త వేరు, పిన్ని వేరు. అన్న వేరు, తమ్ముడు వేరు. మేనత్తని కూకూ అంటారు. రైలు కూతలాగా కాదు, పై స్థాయిలో నిలకడగా, కూ...కు. అనండి."

హాలంతా మా అత్తని చూస్తూ "కూకూ" అంది. ఆమె కొంగు సర్దుకుని నిటారుగా కూచుంది. ఆ తర్వాత పాఠమయ్యేవరకు ఒక్క ఆక్షేపణ చెప్పలేదు. ఇంట్లో ఆమెకి ఆ పేరే స్థిరపడిపోయింది, ఇప్పటికీ మా తమ్ముడి పిల్లలకి ఆమె కూకూ అవ్వ.

స్వరాలకి నేను పెద్ద కష్టపడలేదు. పిలిస్తే "ఆఁ?" అని పైకి ఎత్తుతాం, అదొకటి. నమ్మకం లేనప్పుడు "ఆఁ...హాఁ?" అని కిందికి దిగి పైకి లేస్తాం, అదొకటి. విసుక్కుంటూ "ఆ!" అని దబ్బున పడేస్తాం, అదొకటి. పొద్దున్నించి సాయంత్రం దాకా మనం అనేవే, వాటినే మాట మీద పెట్టమన్నాను. పెట్టారు.

ఒక్కో పాఠం అయ్యాక ప్రొఫెసరు బొమ్మలు చూపిస్తూ పరీక్షించేది. మిగతావాళ్ళ వంతులో జనం నసిగారు. నా బొమ్మలు ఎత్తగానే హాలంతా అరిచింది. నైనై! జ్యోజ్యో! కూకూ! అరవడంలో లోటేమీ లేదు గానీ, వాళ్ళ నోట ప్రొఫెసరుకి వినిపించినది మా పోపో గొంతు. ఆమె కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు, కాసేపటికి నవ్వేనని తేలింది.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మాయ్?" అంది.

"పళ్ళ డాక్టరు దగ్గర."

"చైనా నడిమధ్యన పల్లెల్లో, నా చిన్నప్పటి ముసలమ్మలు ఇలా మాట్లాడేవాళ్ళు. ఇప్పుడు అక్కడ కూడా ఎవరూ ఇలా మాట్లాడరు. నువ్వు పట్టుచీర కట్టుకుని వచ్చి..." అని మళ్ళీ నవ్వు ఆపుకోలేకపోయింది.

నేర్పడంలో నాకే ఎక్కువ మార్కులు, ఉచ్చారణలో నాకే తక్కువ. రెండూ కలిపితే రెండో బహుమతి, పువ్వుల బొమ్మలున్న ఎర్ర ఫ్లాస్కు. మొదటిది ఓడ ఆఫీసరు భార్యకి వచ్చింది. ఆటోలో వస్తూ, ఫ్లాస్కుని ఒళ్ళో పెట్టుకుని మా అత్త తీర్పు చెప్పింది.

"నేను ఇంకా రెండు ప్రశ్నలు అడిగుంటే ఫస్టే వచ్చుండును."

మర్నాడు పోపో దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఉచ్చారణకి మార్కులు తగ్గించారనగానే ఆమె టీ కప్పు ఠక్కున బల్ల మీద పెట్టింది. నన్ను ఓడించినందుకు కాదు, తనని ఓడించినందుకు. బీజింగ్ వాళ్ళు నోట్లో వేడి బజ్జీ పెట్టుకుని మాట్లాడతారని, నాలుక ఎక్కడ పెట్టాలో వాళ్ళకే తెలియదని, తమ ఊరి భాష అప్పుడే కడిగిన బియ్యంలా ఉంటుందని చాలాసేపు తిట్టింది. ఆ తిట్లలో నాకు కొత్త మాటలు బోలెడు దొరికాయి. ఏ క్లాసులోనూ వాడుకోలేనివి.

తర్వాతి ఆదివారం ఒక టాక్సీ మా వీధి మొదట్లో ఇరుక్కుంది. అందులోంచి ఓడ ఆఫీసరు భార్య దిగి, తోపుడుబళ్ళ మధ్య నుంచి నడిచి మా ఇంటికొచ్చింది. నా కోసం నెమ్మదిగా చైనా భాషలో అడిగింది, "నా క్లాసులో ఎవరూ మాట్లాడరు. మీ క్లాసులో ఎవరూ ఊరుకోరు. ఎలా?"

"మీకు మా అత్త లేదు" అన్నాను.

ఒప్పందం కుదిరింది. జనాన్ని మాట్లాడించడం ఎలాగో నేను ఆమెకి చెప్పాలి, నా నాలుక ఆమె సరిచేయాలి. మిద్దె మీద ఆరేసిన మిరపకాయల పక్కన చాప వేసుకుని కూచునేవాళ్ళం. మనిషిని "రెన్" అంటారు. మనం పలికే ర కాదు అది, నాలుక వెనక్కి మడిచి, ఎక్కడా తగలకుండా తిప్పాలి. నాకు వారాలు పట్టినా రాలేదు. చివరికి పక్కింటి రేడియో వింటూ ఆమే కనిపెట్టింది, తమిళ వార్తలు చదివేవాళ్ళు పండుని, అంటే 'పళం' మాటని, ఎలా పలుకుతారో సరిగ్గా అలాగే తిప్పమని. 'పళం' నడుమ ఉండే ఆ తమిళ అక్షరం తెలుగువాళ్ళకి రాదని బళ్ళో నన్ను ఏడిపించేవాళ్ళు. మా పేటలో తమిళులకి కూడా అది రాదు, మామూలు ళ తోనే కానిచ్చేస్తారు. నేను ఆ అక్షరాన్ని ఒక చైనా మనిషి దగ్గర నేర్చుకున్నాను.

నోరు తిరిగిన సంతోషంలో, ఒకరోజు అత్తతో బజారుకెళ్ళినప్పుడు అరటిపండ్ల బండి ముందు నిలబడి, నాలుక బాగా మడిచి, స్వచ్ఛమైన తమిళంలో అరటిపండ్లు అడిగాను. బండి అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఊరికి కొత్తా అమ్మా? ఎక్కడి నుంచి వచ్చారు?" అన్నాడు మర్యాదగా, తమిళంలో.

పక్క సందులో పుట్టానని చెప్పాను. అతను నమ్మలేదు. ధర కూడా కొత్తవాళ్ళకి చెప్పే ధరే చెప్పాడు. మా అత్త నన్ను మోచేత్తో పక్కకి తోసింది.

"నువ్వు నోరు మూసుకోనుండవే" అని, పండ్లు చేతిలోకి తీసుకుని, మా పేట తమిళంలో బేరం మొదలుపెట్టింది.