గడ్డివాము కాడ లేసిన కాయ

చెప్తే మీరు నమ్మరు. ఈ చాయ్ గిలాస మీద ఒట్టు, నమ్మనే నమ్మరు. అయినా చెప్త. కొన్ని నెలల కింద నా చేన్ల, నలుగురు ఆఫీసర్ల ముంగట, సగం ఊరు ముంగట, నన్ను పట్టిచ్చింది ఎవ్వరనుకున్నరు? పగోడు గాదు, పాలోడు గాదు. నా చేతుల కొబ్బరికాయ!

నవ్వకుండ్రి. ముందుగాల నేనెవన్నో తెల్సుకోండ్రి. పరకాల రోడ్డు పొంటి ఏ ఊర్లనన్న దిగి ‘కాయ ఐలయ్య ఇల్లేది’ అనుండ్రి, కుక్కలు గూడ తోవ జూపెడ్తయి. సదువంటరా? రెండో తరగతిల పంతులు కొట్టిండు, నేను గోడ దుంకిన, మళ్ల పోలే. కని నీళ్లు చూసుట్ల నన్ను మించినోడు లేడు. అరచేతిల కొబ్బరికాయను అడ్డం పండవెట్టుకొని చేన్ల నడుస్త. కింద నీళ్లున్న జాగ రాంగనే కాయ లేసి నిలవడ్తది, సిపాయి లెక్క. ఒకపాలి నేను చూసిన పాయింటుల బోరేస్తే నీళ్లు ఎంత ఎత్తుకు లేసినయంటే, పక్కూరోళ్లు వానొచ్చిందని ఆరవోసిన మిరపకాయలు ఎత్తుకున్నరు. అబద్ధమైతే ఆళ్లనే అడుగుండ్రి.

ఇగ అసలు సంగతి. నాకు రెండెకరాల మిర్చి ఉన్నది. మంచిగ కాతకచ్చింది. కని ఉన్న ఒక్క బోరు దగ్గుకుంట దగ్గుకుంట పోస్తాంది, ముసలోని లెక్క. ఇంకో బోరు పడకపోతే మిర్చి పాయె. బోరు బండోన్ని పిలిస్తే ఏమన్నడు? ‘పర్మిషన్ కాగితం లేంది బండి కదలదు ఐలన్నా, వాల్టా అని నీళ్ల చట్టమున్నది’ అన్నడు. పర్మిషన్ అడుగుదామంటే ఇంకో లొల్లి. బోరుకు బోరుకు నడుమ ఇంత ఎడముండాలెనట. నా పాత బోరు చూసిండ్రంటే కొత్తది ఇయ్యరు. ఆ పాత బోరేమో ఏ కాగితంల లేదు. ఎవ్వలకు చెప్పకుంట ఏసిన.

వెనుకట అయితే నాకు ఫికరే లేకుండె. ఎమ్మార్వో ఆఫీసుకు పోయి ‘కరెంటోళ్లు సరేనన్నరు సారూ’ అంటి. కరెంటోళ్ల కాడికి పోయి ‘పంచాయతీల ఒప్పుకున్నరు’ అంటి. ఒకల మాట ఒకలకు తెల్వకపోవు, ఆళ్ల నడుమ నా బండి మంచిగ నడుస్తుండె. గిప్పుడు చూడుండ్రి, భూమిల నీళ్లు కిందికి పోతున్నయని, అందరు కల్సి చూడాలెనని పైకెల్లి ఆర్డర్ అట. నేను కొత్త బోరుకు దరఖాస్తు పెట్టంగనే ఒక్కటే జీపుల నలుగురు దిగవట్టిరి! భూగర్భజలాల మేడం, రెవెన్యూ ఆరై సారు, కరెంటు ఏఈ సారు, మా పంచాయతీ సెక్రటరీ. నలుగురి ఫోన్లల్ల ఒక్కటే వాట్సాప్ గ్రూపు! ఇంత అన్యాలం ఏడనన్న ఉంటదా?

ఆళ్లొస్తాండ్రని తెల్వంగనే నేను పొద్దుగాలనే పని షురూ చేసిన. బోరు మీద పైపు ఇప్పిన. ట్రాన్స్‌ఫార్మర్ కాడికెల్లి వైరు ఎట్లాగు భూమిల పాతేసే ఉన్నది. స్టార్టర్ డబ్బా మీద గోనెసంచి కప్పిన. అన్నిటి మీద గడ్డివాము పేర్చిన. మా ఇంటిది కొమురమ్మ నడుముల చేతులు పెట్టుకొని చూస్తాంది.

‘ఉన్నది ఉన్నట్టు చెప్పరాదు? బోరేమన్న కోడిపిల్లనా, గంప కింద కమ్ముతానవ్?’

‘గంప గాదే, గడ్డివాము. నీ మొగనికి మతి ఉన్నది.’

‘ఉంటే మంచిదే’ అన్నది.

పది గొట్టంగ జీపొచ్చింది. ఎనుక సగం ఊరు. ముందల మా బామ్మర్ది సమ్మయ్య. ఆని చేను నా చేను పక్కపక్కనే. ఆనికి ఒక బోరున్నది, కాగితాలున్నయ్, అందుకే ఛాతి జర ఎక్కువ.

ఏఈ సారు దిగుడు దిగుడే ‘ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఒక వైరు ఎక్కువున్నది, అది ఎవరిదో తెలుస్తలేదు’ అని లైన్‌మెన్‌ను ఫ్యూజులు తీయ తోలిండు. ఆ వైరు నాదే! కని మొఖం మీద ఏం లేదు. నా మొఖం బండరాయి.

మేడం అడిగింది, ‘ఈ చేన్ల పాత బోరేమన్నా ఉందా ఐలయ్య గారూ?’

‘లేదు మేడం.’

‘మరి మిర్చి ఇంత పచ్చగ ఎట్లుంది?’

‘నా చెయ్యి మంచిది మేడం.’

సమ్మయ్య దగ్గిండు. నేను ఇనలే.

మేడం జీపులకెల్లి ఏదో మిషన్ దించవట్టింది, వైర్లు, మేకులు, మస్తున్నయ్. గప్పుడు నోరు మూసుకోవాలె గద? మూసుకుంటే నేను ఐలయ్యనెట్లయిత! ‘మిషన్ ఎందుకు మేడం, నేనుండంగ?’ అని కొమురమ్మ గంపలకెల్లి కాయ గుంజిన. మేడం నవ్వి, ‘సరే, చూపెట్టండి చూద్దాం’ అన్నది.

నా ప్లాను ఏందంటే, సక్కగ తూర్పు మూలకు పోవాలె, ఆడ కాయ లేపాలె, పర్మిషన్ తీస్కోవాలె. కాయను అరచేతిల పండవెట్టిన. నాలుగు అడుగులేసిన్నో లేదో, సమ్మయ్య మొదలువెట్టిండు.

‘బావా, అటే పోతానవ్! గా గడ్డివాము దిక్కు పోతలేవేంది? గడ్డికి భయపడ్తానవా?’

అందరు నవ్విండ్రు. భయమా? నాకా? తిప్పిన అడుగు. గడ్డివాము చుట్టు ఒక్క తిరుగుడు తిరిగి ‘ఈడ ఏం లేదు’ అని పోదామనుకున్న. కని దగ్గరికి పోంగ పోంగ కండ్లు గడ్డి మీదికే పోతున్నయ్. లోపల పైపు నన్ను చూస్తున్నట్టే కొడ్తాంది! కాయ కదిలింది. ఏళ్లు బిగవట్టిన. పండుకోవే, పండుకో అని కడుపుల మొత్తుకున్న. నేను లేపలే! నా మిర్చి మీద ఒట్టు, నేను లేపలే! అదే లేసి నిలవడ్డది. పిలక పైకి, నిట్టనిలువుగ, సక్కగ.

‘లేసింది! ఐలన్న కాయ లేసింది!’ అని జనం ఈలలు.

సమ్మయ్య ఒక్కడే తలకాయ అడ్డంగ ఊపిండు. ‘గడ్డి కింద నీళ్లేంది బావా? నీ కాయకు మతి పోయింది. తప్పయిందను, ఇంటికి పోదాం.’

మేడం గూడ మంచిగనే అన్నది, ‘పొరపాటు అయి ఉండొచ్చు లెండి. మిషన్‌తో తూర్పు దిక్కు చూస్తం.’

చూసిండ్రా? దేవుడు దర్వాజ తెరిసి పెట్టిండు! ‘అవు మేడం, కాయ తప్పింది’ అంటే ఐపోవు. బోరు భద్రం, పర్మిషన్ చేతుల, మిర్చికి నీళ్లు. కొమురమ్మ దూరంకెల్లి కండ్లతోని సైగ చేస్తాంది, అను, అను. కని ఇరవై ఏండ్ల ఇజ్జత్ నా అరచేతిల నిలవడి ఉన్నది గద! నా చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది.

‘నా కాయ తప్పుడా? తియ్యుండ్రిరా గడ్డి! దీని కింద నీళ్లు లేకుంటే మీసం తీపిచ్చుకుంట!’

మాట బయటికొచ్చినంక తెల్సింది ఏమన్ననో. కొమురమ్మ కొంగుతోని మొఖం కప్పుకున్నది.

‘ఒద్దురా, పాములుంటయ్!’ అన్న. ఎవడింటడు? నా ఇజ్జత్ కాపాడుదామని నా మనుషులే ముందల ఉరికిండ్రు. ఒక్కొక్క కట్ట తీస్తాంటే నా తోలు ఒలిసినట్టున్నది. చివరికి తేలింది, నీలం రంగు కేసింగు పైపు.

ఆరై సారు కాగితాలు తిరగేసి అడిగిండు, ‘ఇదేందయ్యా?’

నేను ఓడిపోయే రకమా? ‘ఇదా సారూ! ఎప్పుడో ఫెయిలైన బోరు. సుక్క రాదు. నేనే మర్షిపోయిన’ అన్న.

మంచిగనే నమ్మవట్టిండ్రు! గప్పుడు ఏఈ సారు ఫోన్ తీసి లైన్‌మెన్‌కు ఏమన్నడో ఎరికేనా? ‘ఫ్యూజులు పెట్టెయ్’ అన్నడు.

అయ్యా, పైపు ఇప్పిన, వైరు దాసిన, డబ్బా మీద సంచి కప్పిన. కని లోపల ఆటో స్టార్టర్ బంద్ చేసుడు మర్షిన! కరెంటొస్తే మోటరును అదే చాలు చేస్తది గద. గోనెసంచి కింద ‘టక్’మన్నది. భూమిలకెల్లి గురగురమన్నది. పొద్దటిసంది ఊరిన నీళ్లు ఒక్కపారే ఎగదన్నినయ్! ఎంత ఎత్తనుకున్నరు? కొంగలు పక్కకు జరిగినయ్! ఆరై సారు కాగితాలు, సెక్రటరీ అంగి, అన్ని తడి. మేడం అద్దాలు తుడుసుకొని నా దిక్కు చూసింది.

‘ఐలయ్య గారూ, మీ కాయ కరెక్టే.’

సమ్మయ్య కింద పడి దొర్లుతాండు. ‘మీసం దక్కింది బావా! మీసం దక్కింది!’

ఇగ ఏముంది. మేడం మోటరు ఆపిచ్చి, బోర్ల నీళ్ల లోతు కొలిచే టేపు దించి చూసింది. చానా లోతుకు పోయినంక తడిసింది. ‘ఇంకో బోరు ఇయ్యరా మేడం?’ అని అడిగిన. ఆమె నా చేతుల కాయనే చూపెట్టింది. ‘ఒక్క బొండంల రెండు స్ట్రాలు పెట్టి తాగితే నీళ్లు ఎక్కువైతయా, తొందరగ ఒడుస్తయా?’ కాయ మీదనే కొట్టింది దెబ్బ!

నలుగురు జీపు బానెట్ మీదనే తేల్చిండ్రు. కొత్త బోరు లేదు. పాతది కాగితం మీదికెక్కింది. ఆటో స్టార్టర్ ఊడింది. సమ్మయ్య బోరు ఒకనాడు, నా బోరు ఒకనాడు, రెండు చేన్లకు వంతు, డ్రిప్పు పైపులతోని. సమ్మయ్య ఒప్పుకుంటడా అనుకున్న. ‘మా అక్క మొఖం చూసి ఒప్పుకుంటాన, నీ కాయ మొఖం చూసి గాదు’ అన్నడు. మిర్చి బతికింది. ఎర్రగ, నిండుగ, సమ్మయ్య కన్నుకుట్టేటట్టు కాసింది.

పోంగ పోంగ సెక్రటరీ ఇంకోటి తలిగిచ్చిండు. నెలనెల ఊర్ల బోర్లల్ల టేపు దించి నీళ్లు ఏడున్నయో చెప్పుడు నా డ్యూటీ అట. నాకు రాసుడు రాదు, గ్రూపుల వాయిస్ పెడ్త. నాలుగు ఆఫీసులు కూసోని నా మాట ఇంటున్నయ్, తెల్సునా!

ఇప్పుడు చెప్పుండ్రి. మిషన్ పెట్టకుంట, బండి రాకుంట, కొత్తగ ఒక్క పొక్క కొట్టకుంట, కాయ లేసిన జాగలనే నీళ్లు తెప్పిచ్చినోడు ఈ జిల్లాల ఇంకొకడున్నడా? ఉంటే తీస్కరాండ్రి నా చేన్లకు. కాయ నేనే తెస్త. గడ్డివాము గూడ నేనే పేరుస్త!