పక్క గది ముందు చెప్పులు

పక్క ల్యాబు సారు పోయారని ఆదివారం పొద్దున మా అటెండరు ఫోన్ చేసి చెప్పాడు. "గుండె నొప్పంట మేడం. ఆస్పత్రికి తీస్కపోయే లోపలే అయిపోయిండాది." నేను చంద్రగిరిలో వాళ్లింటికి వెళ్లేసరికి వీధి మలుపు దాకా పిల్లలే. ఇప్పటి పిల్లలు, చదువు ముగించి వెళ్లిపోయిన పిల్లలు, నా సెక్షన్ పిల్లలు కూడా. ఆయన ముఖం చూడకముందే, నేను పోతే ఇంతమంది వస్తారా అని లెక్క వేసుకున్నాను. సిగ్గుపడాల్సిన సంగతే. కానీ ఆయన గురించి రాయడానికి కూర్చుని దాన్ని దాచిపెడితే మిగతాదంతా అబద్ధమవుతుంది. ఐదేళ్లు నేను ఆయన్ని చూసి కుళ్లుకున్నాను.

మాది తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీ. తొంభైల చివర్లో అందరిలాగే మావాళ్లూ కంప్యూటర్ కోర్సు పెట్టారు. నేను ఎంసీఏ చదివి ఆ ఉద్యోగానికే వచ్చినదాన్ని. ఆయన లెక్కల మాస్టారు. మూడు నెలల శిక్షణకు పంపించి, రెండో సెక్షన్‌కు సి భాష చెప్పమన్నారు. ఒక ల్యాబు నాది, పక్కది ఆయనది. దుమ్ము పడుతుందని చెప్పులు బయటే విడవాలన్న నియమం రెండింటికీ ఒకటే. కాలేజీ వదిలాక కూడా ఆయన గది ముందు చెప్పులు కుప్పగా పడి ఉండేవి. నా గది ముందు నావి మాత్రమే ఉండేవి.

నా నియమాలు టైపు చేయించి తలుపుకు అంటించాను. రికార్డు సోమవారం ఇవ్వాలి, మంగళవారం తెస్తే తీసుకోను. కాపీ కొడితే ఇద్దరికీ సున్నా. పది నిమిషాలు ఆలస్యమైతే ఆ రోజు ల్యాబు లేనట్టే. ఇందులో తప్పేముందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన తలుపు మీద ఏ కాగితమూ లేదు. నగరి బస్సు ఆలస్యమైతే ఆ పిల్లల కోసం ల్యాబే అరగంట వెనక్కి జరిపేవారు. రికార్డు ఎప్పుడు తెచ్చినా తీసుకునేవారు, ఒక్క షరతు మీద. సరిగ్గా వచ్చిన ప్రోగ్రాంతో పాటు, అంతకుముందు రాసిన తప్పు ప్రోగ్రాములన్నీ తేవాలి.

"సరైంది ఒకటే తెస్తే అది యాడిదో నాకేం తెలుస్తాదప్పా? తప్పులైతే ఎవురివి వాళ్లవే" అనేవారు.

గోడ అవతలి నుంచి ఆ మాట విన్నాను. అది నాకెందుకు తోచలేదని రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

కీబోర్డు మీద ఆయన ఒక్క వేలితో, అక్షరం వెతుక్కుంటూ కొట్టేవారు. సెమికోలన్ దొరికినప్పుడల్లా "ఈడుండాది" అనేవారు. ఎవరైనా డౌటు అడిగితే స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, "ఇది నాకూ తెలీదు. ఇద్దరం సూస్తాం పా" అనేవారు. అది వినయం కాదు, నిజంగానే తెలియదు. ఒకసారి గుమ్మంలో నిలబడి చూశాను. ఎవరిదో ప్రోగ్రాం ఆగకుండా తిరుగుతోంది, తెర నిండా ఒకే అంకె పడుతోంది. ఆ అంకెను ఒకటి పెంచే లైను రాయడం మరిచిపోయారని నాకు అక్కడి నుంచే అర్థమైంది. ఆయనా ఇద్దరు పిల్లలూ కాగితం మీద అంకెలు వేసుకుంటూ ముప్పావు గంట వెతికారు. దొరికాక వాళ్లు నవ్విన నవ్వు నా క్లాసులో ఎవరూ ఎప్పుడూ నవ్వలేదు. అన్నీ తెలిసిన నన్ను వదిలేసి, ఏమీ తెలియని మనిషి చుట్టూ మూగడమేమిటని ఒళ్లు మండింది.

నా సెక్షన్ పిల్లలు కూడా సాయంత్రాలు ఆ గదికే పోతున్నారని తెలిసిన రోజు ప్రిన్సిపాలుకు ఉత్తరం రాశాను. ఆయన నియమాలు పాటించరనీ, ఆయనకు సబ్జెక్టు రాదనీ. వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది, ఏ సెక్షన్ పిల్లలు ఆ సెక్షన్ ల్యాబులోనే ఉండాలని. ఇక నా గదికి వస్తారని ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. కాలేజీ వదలగానే తిన్నగా బస్టాండుకు పోయారు.

మర్నాడు టీ వేళకు ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, చొక్కా జేబులోంచి డౌట్లు రాసిన నాలుగు చీటీలు తీశారు.

"మీ పిల్లోళ్లవి రెండు, మా పిల్లోళ్లవి రెండు. వాళ్లు ఈడికీ ఆడికీ పోగూడదు గానీ చీటీలు పోవచ్చు కదమ్మా. మీరు నాకు చెప్తే నేను వాళ్లకు చెప్తా."

"మా పిల్లలు నన్నే అడగొచ్చు కదా సార్?"

"అడగొచ్చు. అడగరే." టీ ఊదుకుంటూ అన్నారు. "ప్రిన్సిపాలుకు రాసింది మీరేనని తెలుసులేమ్మా. దాంట్లో యాడా అబద్దం లేదు. నాకు రాదనే కదా మీ దగ్గరికి వచ్చినాను."

మొదటి చీటీ విప్పి చదివాను.

ఆ తర్వాత మూడేళ్లు రోజూ చీటీలు వచ్చాయి. నేను చెప్పిందంతా విని, "ఇంకోతూరి చెప్పండి, నన్ను మొద్దోడనుకోని చెప్పండి" అనేవారు. ఆయనకు అర్థమయ్యేలా చెప్పడానికి నేను నేర్చుకున్నదే ఇవాళ నాకొచ్చిన చదువు చెప్పడం. అయినా నా కుళ్లు నాలో ఉండనే ఉంది. జవాబు నాది, దండం ఆయనకా అని. "ఇది మేడం చెప్పింది" అని ప్రతిసారీ పిల్లలతో చెప్పేవారని తర్వాత తెలిసింది. అది తెలిసి ఇంకా కోపం వచ్చింది, ఎందుకంటే అప్పటికీ వాళ్లు చీటీలు ఆయనకే ఇచ్చారు. ఆ ఉత్తరానికి నేను క్షమాపణ చెప్పలేదు, ఆయన ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు ఆయన సెక్షన్ కూడా నాకే ఇచ్చారు. పక్క గదికి తాళం వేశారు. మొన్న బుధవారం అందరూ వెళ్లిపోయాక ఆయన సెక్షన్ అమ్మాయి ఒకతె నా గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మన్నాను. ప్రోగ్రాం చూపించింది. తప్పు ఎక్కడుందో చూడగానే నాకు తెలిసిపోయింది. చెప్పలేదు. నోరు బిగించుకుని పక్కన కూర్చున్నాను, ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఇరవై నిమిషాలకు ఆ పిల్లే కనుక్కుంది.

"వచ్చేసింది" అంటూ లేచి, నన్ను దాటుకుని పక్క గది వైపు రెండడుగులు వేసి ఆగిపోయింది.

"సార్‌కు చెప్దామని మేడం" అంది నేల చూస్తూ.

పోయిన మనిషి మీద నాకు మళ్లీ కుళ్లు పుట్టింది. అంతసేపు పక్కన కూర్చున్నది నేను కదా అనిపించింది. ఆ పిల్ల బస్సుకు వెళ్లిపోయాక మిషన్లు ఆపి బయటికి వచ్చి, ఆ తాళం ముందు నిలబడ్డాను. ఇవాళ ఒక పిల్ల తనంతట తానే నా గదికి వచ్చింది సార్ అని చెప్పుకోవడానికి, నాకూ ఆయన తప్ప ఎవరూ లేరు.