మూతలు తీసి మొక్కిన బాలప్ప

దసరా మరునాడు పటాన్‌చెరులోని మాత్రల ఫ్యాక్టరీ నుంచి ఫోన్ రాగానే అనుకున్నాను, వీళ్ళు తిన్నది అరగనివ్వరని. ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి ఈ కంప్యూటర్ సర్వీసు పనిలో పడ్డాక ప్రతి పండగా ఇంతే.

సర్వర్లకూ, డేటా దాచే పెట్టెకూ మధ్య ఒక స్విచ్ ఉంటుంది. అది ఆగితే లేబుళ్ళు అచ్చు కావు. లేబుల్ లేని మందు గేటు దాటదు. అందుకే రెండు దారులుండాలి. మొదటిదాని స్విచ్చే వేసవిలో పాడైంది. మార్పించండి అంటే చూద్దామన్నారు. చూస్తూనే ఉన్నారు. ఇప్పుడు రెండోదీ పోయింది. స్విచ్‌లో గుచ్చే బొటనవేలంత మాడ్యూల్ కాలిపోయింది, అంతే. కొత్తది గుచ్చడం ఎంతసేపు!

కొత్తవి స్టోర్‌లో ఉన్నాయి. స్టోర్ బాలప్పది.

ఫ్యాక్టరీ కింద పోయిన పొలానికి బదులుగా బాలప్పకు దొరికిన ఉద్యోగం ఇది. మొదట గేటు దగ్గర నిలబెట్టారు. తర్వాత ఎవరో స్టోర్ తాళాలు చేతిలో పెట్టారు. అప్పటినుంచి ఆ గుత్తి ఆయన మొలతాడుకే. పడుకున్నప్పుడు కూడా తీయడని కూతురు సుమిత్ర నవ్వుతుంది. ఒక్క స్క్రూ అడిగినా సరే, తన బావి నీళ్ళు అడిగినట్టు సవాలక్ష ప్రశ్నలేస్తాడు. ఆయనతో వేగడం నావల్ల కాదు.

స్టోర్‌లో ఆయన ముందుపెట్టిన విడిభాగాల డబ్బా తెరిచాను. ఫ్యాన్లు, పవర్ సప్లై, నాలుగు మాడ్యూళ్ళు. ప్రతి మాడ్యూల్ మూతికీ పసుపు, మధ్యలో కుంకుమ.

"కాకా, ఏంది గిది?"

"ఆయుధపూజ తమ్మీ. నీ సామాన్లు గూడ ఇడ్సిపెట్టలే."

"మీదున్న రబ్బరు మూతలెందుకు తీసినవ్?"

"మూత మీద బొట్టు పెడితే పూజ మూతకైతది. దేవునికి టోపీ పెట్టి మొక్కుతమా?"

"లోపలికెట్ల పోయింది మరి?"

"ఏలు వట్టలే. అగ్గిపుల్లతోని పెట్టిన."

ఏం చెప్పాలి ఈయనకు? ఆ మూతిలోంచే వెలుగు వైరులోకి పోవాలి. దానికి దుమ్ము రేణువే గోడ. ఈయన ఏకంగా పసుపు ముద్ద కూరాడు. భక్తిగా, ఒక్కటీ వదలకుండా.

అంతలో మేనేజర్ వెంకట సాయి వచ్చాడు. డబ్బాలోకి తొంగి చూసి నెత్తి పట్టుకున్నాడు.

"బాలప్పా! ఏం చేశావయ్యా ఇది? సాయంత్రం షిఫ్టులోగా లైన్ నడవకపోతే ఆ తాళాలు నా టేబుల్ మీద పెట్టేసి లోడింగ్‌కి వెళ్ళిపో."

ఎప్పుడూ మాటకు మాట చెప్పే బాలప్ప చెయ్యి మొలతాడు మీదికి పోయింది.

సన్నటి క్లీనింగ్ పుల్లలు తీసి కూర్చున్నాను. మొదటిదాంట్లో పసుపు ఎండి గట్టిపడింది. ఎంత తుడిచినా, వెలుగు కొలిచే మీటర్‌లో జాడ లేదు. రెండోదీ అంతే. మూడోదాన్ని పట్టుకుంటే చెవి దగ్గరే బాలప్ప ఊపిరి.

"మెల్లగ తమ్మీ, నాజూకు సామాను."

"గా సంగతి నిన్న యాదికి రాలేదా కాకా? జెర జరుగు!"

మూడోదీ పోయింది. నాలుగోదాంట్లో పసుపు పొడిగానే ఉంది, రాలింది. మీటర్ కదిలింది. స్విచ్‌లో గుచ్చితే పచ్చ లైటు వెలిగింది. కాసేపటికి లైన్ మీద లేబుల్ మిషన్ చప్పుడు మొదలైంది. బాలప్ప అక్కడే గోడకు జారగిలబడి కూర్చున్నాడు.

వెంకట సాయి కాస్త చల్లబడ్డాడు. "సరే, తాళాలు ఉంచుకో. ఈ డబ్బా మాత్రం నీ దగ్గర వద్దు. సర్వర్ రూమ్‌లో పెట్టిస్తా."

"గదొక్కటి తీస్కపోతరా సారూ? నా కాడ ఎన్నడన్న ఒక్క సామాను పోయిందా?"

"పోలేదయ్యా. ఉన్నచోటే చచ్చాయి."

డబ్బా నా చంకలో పెట్టి వెళ్ళిపోయాడు. బాలప్ప నా వెనకే సర్వర్ రూమ్ దాకా వచ్చాడు. ఆయనకు లోపలికి అనుమతి లేదు. గడప దగ్గర ఆగాడు.

"కింద పెట్టకు తమ్మీ, చెమ్మ వడతది. పై అరల పెట్టు."

"పెడతా కాకా, ఇగ పో!" అని అరిచి తలుపు మూశాను.

తలుపు అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. పై అరలోనే పెట్టాను.